దండుని అడవి, అరజ కొలను

వైశాఖమాసపు మధ్యాహ్నవేళ జయపురమునుండి బయిపారిగూడ మీదుగా రామగిరి దాటి గుప్తేశ్వరము చేరునప్పటికి, శబరీనది, కొండసీమవారు కొలాబు అని పిలుచునట్టి ఆ నది, ఎండకు చిక్కి, నల్లని బండలనడుమ మడుగులు మడుగులుగా మిగిలి, ఒక మడుగునుండి వేఱొక మడుగునకు సన్నని పాయయై ప్రాకుచుండెను. ఈ రామగిరియే మేఘసందేశములోని రామగిరి యని వాదించువారు కలరు. యక్షుడు విరహముతో కృశించినది ఇచ్చటనో కాదో కాని, ఆనాడు నది మాత్రము కృశించియే యున్నది. మరుభూములలో పాఱు నదులనుగూర్చి చదివినప్పుడు, నీరు తగ్గినకొలది అడవిలోని ప్రాణములన్నియు నీటిచెంతకే చేరుననియు, అట్టి నదీతీరము సహజముగనే ఒక శరణాలయ మగుననియు తెలిసికొంటిని. కాని కాళ్ళు కాలు బండపై నిలుచుండి, మడుగు అంచున తడియిసుకలో ఒకదానిమీద నొకటి పడియున్న గిట్టల గుర్తులను పక్షుల కాలిముద్రలను చూచునంతవఱకు ఆ మాట నాకు మాటగానే యుండెను. ఆవలి యొడ్డు ఛత్తీస్‌గఢ్ రాష్ట్రము. ముద్రలు రెండు ఒడ్డులను ఉన్నవి.

సంపెంగచెట్ల నీడలో మెట్లెక్కి పైకి పోయిన, సున్నపుఱాతి గుహలో సుమారు రెండు మీటర్ల యెత్తున వెలసిన శివలింగమును చూడవచ్చును. గుప్తకేదారమని దీనికి పేరు. లోపల పైకప్పునుండి వ్రేలాడు ఒక ఱాతికొమ్మును కామధేనువు పొదుగుగా భావించి, దానిక్రింద దోసిలిపట్టి, ఎంతో సేపటికిగాని రాలని ఒక్క నీటిచుక్కకై భక్తులు నిలిచియుందురు. నేనును నిలిచితిని. నా వంతు చుక్క రాలలేదు. అచ్చటినుండి వెలువడి, ప్రక్కనున్న చీకటిగుహలోనికి పోవనెంచి సంచిలోని టార్చిదీపమును తీయగా, మెట్లచెంత కొబ్బరికాయలమ్ముకొను రాయగడ ప్రాంతపు తెలుగు ముదుసలి యొకడు వెనుకనుండి కేకవేసి, "లోపల టార్చీ కొట్టకండి బాబూ, గబ్బిలాలు పిల్లల్తో ఉన్నాయి. బెదిరితే పిల్ల జారి పడిపోద్ది" అనెను. అటవీశాఖవారు తప్పుపట్టుదురా యని నేనడిగితిని. "ఆల్లెవరూ నేరు బాబూ ఇప్పుడు. నాను సెప్తన్నాను" అని యాతడు బదులుచెప్పి, తన కాయలకు పీచు తీసికొనుచు కూర్చుండెను.

దీపము మరల సంచిలోనికి పోయినది. నాకు అధికారియు కాడు, చుట్టమును కాడు, దండించుటకు శక్తియు లేనివాడు చెప్పిన ఆ మాటకు నేనేల లోబడితినను ప్రశ్న నాతోకూడ మెట్లు దిగి, నదిదాక వచ్చి, ఈ వ్యాసమునకు కారణమైనది.

ఆ గుహలు మామూలు గుహలు కావు. దక్షిణ ఒడిశాలో కనుగొనబడిన 16 జాతుల గబ్బిలములలో 8 జాతులు అచ్చటనే నివసించుచున్నవి. 2024 ఫిబ్రవరిలో ఒడిశా ప్రభుత్వము గుప్తేశ్వరపు అడవిలో 350 హెక్టారులను జీవవైవిధ్య వారసత్వ స్థలముగా ప్రకటించెను. మందసరు, మహేంద్రగిరి, గంధమార్దన పర్వతముల తరువాత ఆ రాష్ట్రమున ఇది నాలుగవది. అచ్చట లెక్కకు వచ్చిన జంతుజాతులు 608; వానిలో మడుగులలోని మొసలియు, మనుష్యుని మాటలను అనుకరింప నేర్చిన కొండగోరువంకయు కలవు. 2002వ సంవత్సరపు జీవవైవిధ్య చట్టములోని 37వ విభాగము ప్రకారము ఇట్టి ప్రకటన చేయుటకు ముందు స్థానిక సంస్థలను సంప్రదింపవలెను. ఇది మంచి చట్టము. దేవుడు ముందుగా వచ్చి కూర్చున్నచోటికి చట్టము ఆలస్యముగా వచ్చి చేరినదనుటయు తప్పు కాదు.

నా ప్రశ్న చట్టమును గూర్చినది కాదు, ఒక పదమును గూర్చినది. మృగములకై కేటాయించిన అడవిని మనము అభయారణ్యమందుము. మాట యింపైనది, ఆలయగోపురముల మీది దేవతల కుడిచేతి ముద్ర దానిలో నున్నది. అయితే "భయపడకుము" అని యెవడు చెప్పగలడు? భయము కలిగింపగలవాడే కదా! లేడి పులికి అభయమియ్యదు. కనుక అభయదానమున దాతయే మొదటి అపరాధి. తాను చంపగలననియు, చంపుచున్నాననియు ఒప్పుకొనినగాని ఆ దానమునకు అర్థము లేదు. తక్కిన దానములలో తనవద్దనున్న మేలును ఇచ్చుచుండగా, ఈ యొక్క దానమున తనవద్దనున్న కీడును వెనుకకు తీసికొనుచున్నాడు.

మన పూర్వులు ఈ సంగతిని దాచలేదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున అభయవనముల ప్రస్తావన కలదు; అందలి మృగములను పక్షులను చేపలను కట్టువానికి, కొట్టువానికి, చంపువానికి ఉత్తమ దండము విధింపబడినది. ఆ విధి యే ప్రకరణములో నున్నదో చూచినప్పుడు నాకు నవ్వు వచ్చినది: సూనాధ్యక్ష ప్రకరణమున, అనగా కసాయిశాలల పైయధికారి చేయవలసిన పనులలో! రాజ్యమునకు వధయు అభయమును ఒకే ఉద్యోగి లెక్కలోని రెండు పద్దులు. మృగమునకు అభయము నిలుచుటకు మనుష్యునికి భయము కలిగింపవలె ననుట ఆ శాస్త్రముయొక్క మతము. భయమునే కరగించి అభయమను నగను పోతపోయవచ్చునా యనునది నన్ను పట్టుకొనిన చిక్కు.

అశోకునికిని ఈ చిక్కు పట్టినది. పట్టాభిషేకమైన 26 ఏండ్లకు వ్రాయించిన స్తంభశాసనమున ఆయన చంపరాని ప్రాణుల జాబితా నిచ్చెను. చిలుక, గోరువంకలతోపాటు జతూకములు, అనగా గబ్బిలములు, దానిలో నున్నవి. గబ్బిలమును అశుభమని యింటినుండి తఱుము మన లోకమున, రెండువేల మూడువందల యేండ్లక్రిందట ఒక చక్రవర్తి దానిపేరు ఱాతిపై చెక్కించుట సామాన్యము కాదు. మఱుసటి యేట వ్రాయించిన శాసనమున ఆయనయే తన పనిని తూచి చూచుకొని, ధర్మము పెరుగుటకు మార్గములు రెండనియు, నియమములు విధించుట యొకటి, మనసున ఆలోచన రేపి ఒప్పించుట రెండవది యనియు, వానిలో నియమముల వలన కలిగినది స్వల్పమనియు, ఒప్పించుట వలననే మిక్కిలి కలిగినదనియు ఒప్పుకొనెను. దానికి దృష్టాంతముగా చూపినది ప్రాణివధ నిషేధమునే. ఏలినవాడు తన ఆజ్ఞలు అంతగా పనిచేయలేదని తానే శిలాక్షరములలో వ్రాసికొనుట చరిత్రలో అరుదు. అయినను నిండు చిత్రము చూపవలెను గదా: గబ్బిలమునకు అభయమిచ్చిన ఆ మహానుభావుడే, కళింగయుద్ధముపై తన పశ్చాత్తాపమును వెల్లడించిన పదమూడవ శిలాశాసనమున, అడవి మనుష్యులనుద్దేశించి, తాను పశ్చాత్తప్తుడైనను శిక్షించు శక్తి తనకున్నదని హెచ్చరించెను. ఆ శాసనమును కళింగములోని ధౌళి, జౌగడల శిలలపై చెక్కింపలేదు. అచ్చట దానికి బదులుగా, మనుష్యులందఱు నా బిడ్డలనియు, పొలిమేరలకావలివారు నన్నుచూచి వెఱవరాదనియు వేఱు శాసనములు వ్రాయించెను. గాయపడినవాని యెదుట గాయపు లెక్క చదువరాదని ఆయనకు తోచియుండును.

ఇంతవఱకు రాజుల మాట. శబరి యొడ్డున నాకు జ్ఞప్తికి వచ్చినది రాజు కథయే కాని, అందు అభయమిచ్చినది రాజు కాదు.

గుప్తేశ్వరమున్న కొరాపుట్టు సీమ దండకారణ్యములోనిది. ఈ పేరు ఎట్లు వచ్చినదో ఉత్తరకాండమున అగస్త్యుడు చెప్పును. ఆయన యాశ్రమమునకు వచ్చిన రాముడు, మృగములును పక్షులును మనుష్యులును లేని అడవి ఎట్లేర్పడినదని యడుగగా, మహర్షి ఇట్లు చెప్పెను: ఇక్ష్వాకుని నూర్గురు కొడుకులలో కడపటివాడు మూఢుడు. వానిమీద ఎన్నటికైనను దండము పడితీరునని యెంచి తండ్రి వానికి దండుడని పేరుపెట్టి, వింధ్యశైవలముల నడిమి దేశము నిచ్చెను. శుక్రాచార్యుడు వాని పురోహితుడు. ఒక చైత్రమాసమున దండుడు గురువు ఆశ్రమమునకు వచ్చి, ఒంటరిగానున్న గురుపుత్రిక అరజను చూచి, తండ్రి నడుగుమని యామె వేడుచుండగనే బలాత్కరించి వెడలిపోయెను. ఆకలితో శిష్యులతో తిరిగివచ్చిన శుక్రునికి కూతురు దుమ్ముకొట్టుకొని దీనయై కనబడినది. రజస్సు అనగా దుమ్ము. అరజ యనగా దుమ్మంటనిది. కవి ఆ పేరునకును ఆ స్థితికిని గల వైరుధ్యమును ఒక్క పంక్తిలో నిలిపి, వ్యాఖ్యానమేమియు చేయక ముందునకు పోయెను. ఇప్పటి కవులమైనచో ఆ యొక్క శ్లేషకు నాలుగు పుటలు కేటాయింతుము.

శుక్రుడు శపించెను: ఏడు రాత్రులలో ఇంద్రుడు ధూళివర్షము కురిపించి, నూరు యోజనముల మేర చరాచరములన్నింటిని నశింపజేయును. ఆశ్రమవాసులను దేశపు పొలిమేర దాటి పొమ్మనెను. కూతురిని మాత్రము, కలత విడిచి ఈ యోజనమంత కొలనిచెంతనే యుండి కాలమునకై ఎదురుచూడుమని చెప్పి, వెంటనే యిట్లు పలికెను: ఆ రాత్రి నీ సమీపమున వచ్చి నివసించు ప్రాణులను ఆ ధూళివర్షము చంపజాలదు.

మరుభూమిగా మాఱిపోవుచున్న ఒక దేశము, నడుమ నొక నీటిపట్టు, దానిచెంత ఒక యువతి, ఆమెచుట్టు చేరిన మృగములు! మన వాఙ్మయమున నాకు తెలిసినంతలో ఇంతకంటె స్పష్టమైన అభయారణ్య చిత్రము లేదు. ఇందు కంచె లేదు, కావలివాడు లేడు, దండము అంతకంటె లేదు. దండుడే ఆ వినాశమునకు కారణము. శరణార్హత యేమనగా, దగ్గఱకు వచ్చుట. వచ్చినది జింకయా తోడేలా యను విచారణ లేదు. ఎవరిచెంత? తపస్సిద్ధుడైన తండ్రిచెంత కాదు, ఏలినవానిచెంత కాదు. దండుని చేత దెబ్బతిన్నదానిచెంత. భయపడి యున్నది ఆమె. అభయమునకు చోటైనదియు ఆమెయే. ఆమె వరమియ్యలేదు, ప్రతిజ్ఞ చేయలేదు. తండ్రి మాటకు అట్లేయని మాత్రమనెను.

ఈ కథను నేను పొగడుచున్నంతలో నా మనసే నాకు అడ్డుపడుచున్నది. రాజు చేసిన దోషమునకు నూరు యోజనముల లేళ్ళు, పక్షులు, పసిబిడ్డలు ఏల కాలవలెను? కర్మసిద్ధాంతమును నమ్మినవారు ఏ ప్రాణి కర్మ దానిదే యందురు. ఆ సమాధానము వినుటకు బాగుండును కాని, కాలిన లేడిపిల్లయెదుట నిలుచుండి చెప్పుటకు నోరు రాదు. శుక్రుని కోపము న్యాయమైనదే యైనను, దాని గుఱి తప్పినది. శాపము వెలువడిన తరువాత ఆయన నోట వచ్చిన ఆ మినహాయింపు, గుఱి తప్పెనని ఆయనకే తోచుటవలన వచ్చినదని నేను తలంతును. అభయారణ్యములన్నియు ఇట్లే పుట్టినవి. ముందు ధూళివర్షము కురియించి, పిమ్మట యోజనమంత చోటు విడిచిపెట్టుట. ఆ యోజనమంతయైనను విడిచిపెట్టినవారిని నిందింపను. విడిచిపెట్టుటనే ఔదార్యమని చాటుకొనుట మాత్రము తగదు.

ఈ దండకారణ్యమే మన కాలమున మనుష్యులకు శరణాలయమైనది. 1958లో కేంద్రప్రభుత్వము దండకారణ్య ప్రణాళికను నెలకొల్పి, తూర్పు బంగాళమునుండి వచ్చిన కాందిశీకులను కొరాపుట్టు, బస్తరు సీమలలో, అడవులను నరికి చదునుచేసిన నేలలపై, నిలిపినది; ప్రణాళికకు ముఖ్యస్థానము కొరాపుట్టు. నీటినడుమ పుట్టి పెరిగిన రైతులకు ఈ ఱాతినేల మరుభూమియే. 1978లో వారిలో వేలకొలది కుటుంబములు ఈ సీమను విడిచి సుందరవనములకు పోయి, మరీచ్‌ఝాపి యను దీవిపై గుడిసెలు వేసికొనగా, అది రక్షితారణ్యమను కారణము చెప్పి, 1979 మే నెలలో వారిని బలముతో ఖాళీచేయించిరి, ప్రాణములు పోయినవి. పులికిచ్చిన అభయము పేదవాని నెత్తిన దండమై పడినది. ఇందు పులి తప్పేమియు లేదు. దండకారణ్యమున కాలూనిన కొండప్రజల మాట వినకయే కాందిశీకునికి అడవి నిచ్చినవారును, కాందిశీకుని మాట వినకయే పులికి దీవి నిచ్చినవారును, ఇచ్చుచున్నది తమ సొత్తే యనుకొనిరి.

రాయగడవైపు నియమగిరి కథ వేఱు. వంశధార పుట్టిన ఆ కొండల శిఖరమున, వాననీటిని స్పంజివలె పీల్చి వేసవిలో సెలయేళ్ళుగా విడుచు బాక్సైటు పొర యున్నది. దానిని త్రవ్వదలచిన కంపెనీలకును, శిఖరము నియమరాజు నెలవని కొలుచు డోంగ్రియా కోందులకును ఏండ్లతరబడి వివాదము జరిగినది. 2013 ఏప్రిల్ 18వ తేదీని సుప్రీంకోర్టు, ఈ త్రవ్వకమువలన వారి ఆరాధనకు భంగము కలుగునా యనునది గ్రామసభలే తేల్చవలెనని తీర్పు చెప్పెను. ఆ యేడు జూలై, ఆగస్టు నెలలలో రాయగడ జిల్లాలో 7, కలహండి జిల్లాలో 5 ఊళ్ళు సభలు చేసి, పన్నెండుకు పన్నెండును వలదనినవి. నియమరాజు ఉన్నాడా లేడా యని న్యాయస్థానము అడుగలేదు. అడిగియున్నచో మన దేవుళ్ళలో ఎందఱు సాక్ష్యము చెప్పుకొనగలిగియుందురో!

డోంగ్రియాలు అహింసావ్రతులు కారు. వేటాడుదురు, కొండవాలున పోడు చేయుదురు, పండుగనాడు దున్నపోతును బలియిత్తురు. మన పట్టణపు శాకాహారికి అట్టివారు అభయమిచ్చువారుగా తోచరు. కాని శిఖరముమీది చెట్టును నఱకరు. అచ్చట కావలి యుండుటవలన కాదు, అది నియమము గనుక. అశోకుడు స్వల్పఫలమని చెప్పిన నియమము పైనుండి దిగినది. వీరిది తమలోనుండి మొలిచినది. చంపకుండుటయు అభయమును ఒకటి కావని నాకు నేర్పినది ఈ కొండ. ఏ ప్రాణిని చంపకయే దాని నీటిని, నీడను, చీకటిని హరించి దానిని నిత్యభయమున నుంచవచ్చును. నేను ఆనాడు గుహలో చేయబోయినది అదియే.

వేదాంతులు దీనికి లోతైన సమాధానమును చెప్పియున్నారు. బృహదారణ్యకము, తనకు రెండవది యున్నదను బుద్ధివలననే భయము పుట్టునని చెప్పి, యాజ్ఞవల్క్యుని నోట జనకుడు అభయమును పొందెనని పలికించినది. అంతయు ఆత్మయేయైనచో ఎవడు ఎవని వెఱపించును? ఇది సత్యమని తలయూపుదును. అయితే ఆ సత్యము జనకునికి పనికివచ్చినట్లు గబ్బిలపు తల్లికి పనికిరాదు. దానికి రెండవది కలదు. అది నేనే, చేతిలో దీపముతో. అద్వైతము నా భయమును పోగొట్టుటతో ఆగిపోయినచో అది సగము విద్య. సన్న్యాసము పుచ్చుకొనువాడు సర్వభూతములకు తనవలన అభయమగుగాక యని మాటయిచ్చి మఱి గడపదాటుట అందుకే. తాను భయమును దాటుటకు ముందుగా, తానొకరికి భయముగా నుండుట మానవలెనని పెద్దలు ఆ క్రమమును పెట్టిరి. అరణ్యకాండమున, ఈ దండకములోనికే అడుగిడుచున్న రాముని సీత ఆపి, ఒక తపస్వికి ఇంద్రుడు కత్తిని దాచియుంచుమని యిచ్చిపోగా, దానిని కాపాడుటకై నిత్యము చేతపట్టుకొని తిరిగి తిరిగి ఆ తపస్వి క్రూరుడైన కథను చెప్పును. ఆ తపస్వి యుండిన వనము మృగములును పక్షులును సుఖముగా తిరిగిన వనమని కవి పనిగట్టుకొని చెప్పెను. రాముడు ఆమె ప్రేమను మెచ్చుకొనెను. విల్లు మాత్రము దింపలేదు. ఆయనకు ఋషులకిచ్చిన మాట యున్నది. మాటకును కరుణకును నడుమ మహాపురుషులకే ఇంత యిరుకు.

సాయంకాలమగుచుండగా మరల నదికి దిగితిని. బండలు చల్లబడుచుండెను. గుహలనుండి గబ్బిలములు పొగవలె వెలువడి, మడుగులమీద వంగి, నీటిని తాకీతాకక పైకి లేచుచు, ఆవలి యొడ్డునకు, అనగా మఱియొక రాష్ట్రమునకు, పోవుచుండెను. ముదుసలి దుకాణము కట్టివేసి, మిగిలిన కాయలను బుట్టకెత్తుకొని మెట్లు దిగుచు నన్ను చూచి, "సూసినారా బాబూ" అని మాత్రమని సాగిపోయెను.

చూచితిని. చూచుచు అరజను తలచుకొంటిని. ధూళివర్షము వెలిసిన పిమ్మట, ఆమెచెంత బ్రతికిన మృగములు ఎటు పోయినవో, ఆమె ఆ కొలనిచెంత ఎంతకాలముండెనో ఉత్తరకాండమున లేదు. కథ ముగించిన అగస్త్యుడు సంధ్యాసమయము మించుచున్నదని చెప్పెను. రాముడు ఆమెనుగూర్చి యేమియు అడుగక, సంధ్యవార్చుటకు లేచెను.